అటక ఖాళీ చేసే ముందు

అమ్మలూ,

మర్రిపాలెం ఇంటి అటకా, వెనక గదీ ఒక్క ఆదివారంలో ఖాళీ చేసి మొత్తం చెత్తబండిలో వేసేస్తానని నువ్వు ఫోన్లో అన్నప్పట్నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. పాత పేపర్లూ, బకెట్లూ నీ ఇష్టం. కానీ మీ తాతయ్య ఏదీ పారేసే మనిషి కాదు. సగం మిగిలిన పెయింట్ డబ్బాలు, తిన్నర్, చెదల మందు, బాత్‌రూమ్ యాసిడ్, కాలిపోయిన ట్యూబులైట్లు, ఇన్సులిన్ సూదులు, అన్నీ అక్కడే ఉంటాయి. వాటి లెక్క వేరు.

ముందు కిటికీలు తెరువు. ఆ పూటకి పిల్లాణ్ణి మీ అత్తగారి దగ్గర వదిలిపెట్టు. ఏ సీసాలో ఉన్నది ఆ సీసాలోనే ఉండనీ. రెండు సగం సీసాలు కనబడితే ఒకదాంట్లోకి వంపేద్దామనిపిస్తుంది, ఆ పని మాత్రం చెయ్యకు. యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడర్ తగిలిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులేసిన బాత్‌రూములో అది పీలిస్తే ఊపిరితిత్తులకే ఎసరు. లేబుల్ ఊడిపోయిన సీసా దొరికితే మూత తీసి వాసన చూసి కనిపెడదామనుకోకు. ఏదో తెలియదని కాగితం మీద రాసి అంటించి పక్కన పెట్టు.

కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం అన్నింటికన్నా ఘోరం. నర్సుగా ఉన్నన్నాళ్లూ ఫినాయిలో, కిరోసినో తాగేసిన పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చిన తల్లుల్ని చూశాను. అడిగితే, మంచినీళ్ల సీసాలో పోసి మూల పెట్టామనేవాళ్లు. ఒకవేళ అలాంటిదేమైనా జరిగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించకు. లోపలికి పోయేటప్పుడు కాల్చిన యాసిడ్ పైకి వచ్చేటప్పుడూ కాలుస్తుంది. కిరోసినైతే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యి. ఆస్పత్రికి ఆ సీసా కూడా తీసుకెళ్లు. పోయిందేమిటో తెలిస్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

సింకులోనో, వీధి కాలవలోనో ఏదీ పొయ్యకు. మన కాలవలు గెడ్డల్లో కలుస్తాయి, గెడ్డలు సముద్రంలో కలుస్తాయి. ఆ చెదల మందు చేపలకి విషం.

పెయింట్ బాగానే ఉంటే పెయింటర్‌ని పిలిచి ఇచ్చెయ్యి, సంతోషంగా పట్టుకెళతాడు. గోడలకి వేసే నీళ్ల పెయింట్ కాస్తే మిగిలితే ఇసుకో, రంపపు పొట్టో కలిపి మూత తీసి గాలి ఆడేచోట ఎండనివ్వు. గట్టిపడ్డాక పారెయ్యొచ్చు. తిన్నర్, ఆయిల్ పెయింట్ అలా కాదు, మూత బిగించి విడిగా ఉంచు, స్టవ్ దరిదాపుల్లో పెట్టకు.

ఇంకో సంగతి. పాత తలుపులు ఊడదీయిస్తున్నావు కదా, భోగికి పనికొస్తాయని మీ ఆయన అన్నాడట. వద్దని చెప్పు. పెయింట్‌లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ తలుపుల మీద రంగు అంతకు ముందెప్పటిదో. కాలిస్తే ఆ పొగ, గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతాయి. సెంటు స్ప్రేలు, దోమల స్ప్రేల డబ్బాలు కూడా మంటలో వెయ్యకూడదు, పేలతాయి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ కనబడితే నొక్కకు, పొడవకు. ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, పాత ఫోన్లు తీసుకునే ఈ-వేస్ట్ వాళ్లకి ఇవ్వు.

సూదుల దగ్గర మాత్రం నేను చాలా ఖచ్చితం. చెత్త తీసే అమ్మాయి సంచిని చేత్తో నొక్కి పట్టుకుంటుంది, లోపలున్న సూది నేరుగా అరచేతిలో దిగుతుంది. ఆ తర్వాత నెలల తరబడి రక్తపరీక్షలూ, భయమూ. దళసరి ప్లాస్టిక్ సీసాలో, లిక్విడ్ సబ్బు సీసా లాంటి దాంట్లో, వాటిని వేసి మూత బిగించి టేపు చుట్టు, పైన పెద్దక్షరాలతో ‘సూదులు’ అని రాయి. సూదికి క్యాపు తిరిగి తొడగాలని చూడకు, గుచ్చుకునేది అప్పుడే. ఎక్స్‌పైరీ అయిన మాత్రలు అట్టల్లోంచి తీసి వాడిన టీ పొడిలో కలిపి, కవర్లో కట్టి, సూదుల సీసాతో పాటు ఒక విడి సంచిలో పెట్టు. ఉత్త అట్టలు కత్తిరించెయ్యి, మళ్లీ ఎవరి చేతిలోనూ పడకుండా.

ఇవన్నీ తడిచెత్త, పొడిచెత్తలో కలవకుండా ఆ విడి సంచిలోకే. 2016 చెత్త నిబంధనల్లోనే పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, మందులు, సూదులు ఇంటి ప్రమాదకర వ్యర్థాలని రాశారు. 2021లో ప్రభుత్వం ఇళ్లకిచ్చిన మూడు రంగుల చెత్త డబ్బాల్లో ఎర్రది దీనికే. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది దాంట్లో ఉల్లిపాయలు పోసుకున్నారు, అది వేరే కథ. సంచిని గేటు దగ్గర వదిలెయ్యకు. బండి వచ్చినప్పుడు నువ్వే వెళ్లి, లోపల ఏమున్నాయో చెప్పి చేతికివ్వు. తీసుకోనంటే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని అడుగు. ట్యూబులైట్లు పగలకుండా అట్టల మధ్య చుట్టు.

తాతయ్య పాదరసం బీపీ మెషీన్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. థర్మామీటర్‌లో ఉండే పాదరసం సుమారు ఒక గ్రాము, దాంట్లో సుమారు 80 నుంచి 100 గ్రాములుంటుంది. పెట్టెని పాదరసం ట్యాంకు వైపు వంచితే అంతా అందులోకి దిగుతుంది, అప్పుడు చిన్న లాక్ తిప్పి మూత వెయ్యి. రెండు కవర్లలో కట్టి నిలువుగా పెట్టు. ఎక్కడైనా ఒలికిందనుకో, చీపురు పెట్టకు, చేతి ఉంగరాలు తీసేసి గట్టి కాగితంతో చుక్కల్ని కూడగట్టి, నీళ్లున్న గాజు సీసాలో వేసి మూత బిగించు. వచ్చేవారం నేనొచ్చాక నర్సింగ్ సూపరింటెండెంటుతో మాట్లాడి, ఆస్పత్రి వ్యర్థాలతో పాటు పంపే వీలుందేమో చూస్తాను.

మీ పెద్దమ్మ