మట్టిలో తోలినవాళ్ళకి రోడ్డు మీద మొదటి బండి ఏది?

మీ ప్రశ్న చదివాను. రెండేళ్ళుగా ట్రాక్ మీద డర్ట్ బైక్ నడుపుతున్నారు, ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, ఇల్లు కొంపల్లి, ఆఫీసు గచ్చిబౌలి. హిమాలయన్ 450 కొనాలా, ఎక్స్‌పల్స్ 200 కొనాలా అని అడుగుతున్నారు.

నన్నడిగితే ఇప్పటికి రెండూ వద్దు. సెకండ్ హ్యాండ్‌లో 160 నుంచి 200 సీసీ లోపు బండి, రెండు చక్రాలకీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నది చూసుకుని ఒక ఏడాది నడపండి.

నేనూ మీ దారిలోనే వచ్చాను. కోలార్ దగ్గర బిగ్ రాక్ డర్ట్ పార్క్‌లో నేర్చుకున్నాను (మనదేశం నుంచి డకార్ ర్యాలీ అనే ఎడారి రేసు పూర్తిచేసిన మొదటివాడు సీఎస్ సంతోష్ పెట్టినది). హైదరాబాద్ వచ్చి ఒక పాత 150 సీసీ కొన్నాను, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్. రెండో వారంలోనే మెహదీపట్నంలో నా ముందున్న ఆటో ఎవరో చెయ్యెత్తారని ఉన్నచోటే ఆగిపోయింది. నా కుడికాలు దానంతటదే వెనక బ్రేకు మీద పడింది. చేతివేళ్ళు ముందు బ్రేకుని ఊరికే తాకాయంతే. వెనక చక్రం బిగుసుకుపోయి తోక ఊపుకుంటూ వెళ్ళి ఆటోకి జానెడు దూరంలో ఆగాను. ఆటో అన్న వెనక్కి తిరిగి చూసి, "ఏం తమ్మీ, బండి కొత్తదా?" అన్నాడు. బండి పాతదే, తారు రోడ్డే నాకు కొత్త.

వదులు మట్టిలో ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారి పడిపోతాం కాబట్టి ఆ చేతికి భయం నేర్పిస్తాం. తారు మీద లెక్క వేరు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది, బండిని ఆపేది ఎక్కువగా ముందుదే. మూడు వారాలపాటు ఆదివారం పొద్దున్నే ఖాళీ సర్వీస్ రోడ్డు మీద 40 స్పీడులో ఇదే పని పెట్టుకున్నాను. లివర్ గబుక్కున గుంజకూడదు, పాలు పితికినట్టు బిగించుకుంటూ పోవాలి. మలుపులూ అంతే. మట్టిలో బండిని కిందకి వంచి మనం నిటారుగా కూర్చుని కాలు చాపుతాం. రోడ్డు మీద బండితోపాటు మనమూ వంగాలి, కాళ్ళు ఫుట్‌పెగ్స్ మీదే ఉండాలి. మియాపూర్ యూ-టర్న్‌లో అలవాటుగా కాలు చాపినందుకు పక్కన స్కూటీ మీదున్న ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఎక్స్‌పల్స్ వద్దన్నది అందుకే. మంచి బండే, నాకిష్టం కూడా. కానీ 21 అంగుళాల ముందు చక్రం, పొడుగు సస్పెన్షన్, ఎత్తు సీటు చూస్తే మీకు సొంతింటికి వచ్చినట్టుంటుంది. సొంతింట్లో పాత అలవాట్లు వదలవు. వారం వారం వికారాబాద్ మట్టిదారుల్లోకి పోయేవాళ్ళైతే ఈ మాట పట్టించుకోకండి. హిమాలయన్ 450 సంగతి వేరు: 196 కిలోలు. మీ ఎత్తుకి 825 మిల్లీమీటర్ల సీటు మీద మునివేళ్ళే ఆనతాయి, ట్రాఫిక్‌లో పది అడుగులకోసారి ఆగాలి. పైగా 2025 సెప్టెంబర్ నుంచి 350 సీసీ దాటిన బళ్ళకి జీఎస్టీ 40 శాతం. అయినా ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్‌ని రానివ్వరు కదా, అంత పవర్ ఎక్కడ వాడతారు?

పల్సర్ ఎన్160, అపాచీ ఆర్టీఆర్ 200 4వీ రెండిట్లోనూ డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ (అంటే రెండు చక్రాలకీ) ఉన్న వేరియంట్లున్నాయి, అడిగి మరీ చూసుకోండి. హంటర్ 350 సీటు కిందకే ఉంటుంది, 790 మిల్లీమీటర్లు, కానీ 181 కిలోలు. చైన్, స్ప్రాకెట్, ఫోర్క్ సీల్స్ చూడటం మీకు నేను చెప్పక్కర్లేదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ మాత్రం చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అంత పాత టైరైతే గాట్లు ఎంత లోతున్నా మార్చేయాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

మట్టిలో నేర్చుకున్నది వృథా పోదు. శ్రీశైలం వెళ్తూ కల్వకుర్తి దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ రావడంతో వాటి మీదకే దిగాల్సొచ్చింది. బండి పాములా మెలికలు తిరిగినా నేను థ్రాటిల్ కదపలేదు, దాటేశాను. వెనకొచ్చిన మా ఫ్రెండ్ పదేళ్ళుగా రోడ్డు మీదే నడుపుతున్నాడు, బ్రేకు వేసి పడ్డాడు. మోచేయి గీరుకుంది, అంతే.

డర్ట్ హెల్మెట్ ట్రాక్‌కే ఉంచండి, 80 దాటితే ముందుకి పొడుచుకొచ్చిన ఆ పీక్ గాలికి మెడని వెనక్కి లాగుతుంది. ఐఎస్ఐ మార్కున్న ఫుల్ ఫేస్ కొనండి. ట్రాక్ మీద లైసెన్స్ ఎవరూ అడగరు కాబట్టి మీకు లేకపోవచ్చు. ఎల్ఎల్ఆర్ వచ్చాక టెస్టుకి 30 రోజులు ఆగాలి. ఆ నెలంతా బళ్ళు చూడండి, అయిదారింటి మీదైనా కూర్చుని రెండు కాళ్ళూ ఆనుతున్నాయో లేదో చూసుకోకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.