స్ట్రక్చరలిజం, పోస్ట్-స్ట్రక్చరలిజం సినిమాలకీ వార్తలకీ నిజంగా పనికొస్తాయా?

జర్నలిజం ఎంఏ చేస్తున్నానని, ఈ సిద్ధాంతాలు పరీక్షకి తప్ప ఇంకెందుకైనా పనికొస్తాయా అని, ప్రాజెక్టుకి ఏ సినిమా తీసుకుంటే బాగుంటుందని అడిగారు. పనికొస్తాయి. కాకపోతే ఒక్క భాషలోనే వార్తలు చూసేవాళ్లకి ఇవి ఈ జన్మకి ఒంటబట్టవు. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకునేది లేదు.

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా, సుంకి పక్కన. ఘాట్ దిగితే ఆంధ్రాలో సాలూరు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నేనూ ఆంధ్రాలో ఇదే ఎంఏ వెలగబెట్టాను. అక్కడ స్ట్రక్చరలిజం పాఠంలో వచ్చే రష్యన్ పండితుడు ప్రాప్ అంటే జిరాక్స్ నోట్సులో అర పేజీ. 1928లో పుస్తకం రాశాడు, నూరు రష్యన్ జానపద కథలు ముందేసుకుని అన్నిట్లోనూ తిరిగే, కథని నడిపే పనులు 31, పాత్రలు 7 అని తేల్చాడు. పది మార్కులకి అది చాలు. దాన్ని తీసుకెళ్లి నిన్నటి బులెటిన్ మీద పెట్టి చూడండ్రా అన్న మేష్టారు ఒక్కరూ లేరు.

నాకది తెలిసింది టీ కొట్టులో. 2021 ఫిబ్రవరి. కొటియా గొడవ గుర్తుందా? మా పొట్టంగి బ్లాకుకీ సాలూరు మండలానికీ మధ్య కొండల మీద 21 పల్లెలు. మావంటే మావని రెండు రాష్ట్రాలూ కొట్లాడుకుంటుంటే 1968లోనే ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఫిబ్రవరి 13న ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది, ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది.

కొట్టు యజమాని ఒడియావాడు. బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవరు గజపతినగరం మనిషి. ఇద్దరికీ రిమోట్ కావాలి. ఒడియా ఛానల్ పెడితే తెర నిండా మ్యాప్, సాలూరు నుంచి కొండెక్కుతున్న ఎర్రబాణం, దాని వెనక యుద్ధం సినిమాలో కొట్టే డప్పులు. చొరబడేవాడు ఆంధ్ర అధికారి, అడ్డుకునే వీరుడు ఒడిశా పోలీసు. డ్రైవరు లాక్కుని తెలుగు ఛానల్ తిప్పాడు. అదే మ్యాప్, అవే డప్పులు, బాణం మాత్రం పైనుంచి కిందికి. ఇక్కడ దుష్టుడు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ ఒడిశా పోలీసు, వీరుడు ఎన్నికల సిబ్బంది. మనుషులు తారుమారయ్యారు గానీ కథ వీసమెత్తు మారలేదు. మరి ఆ పల్లెల జనం? రెండు చోట్లా వాళ్లది ప్రాప్ చెప్పిన రాజకుమారి పాత్ర. గెలుచుకోవడానికే తప్ప మాట్లాడటానికి కాదు. పేర్లు మారినా కింద కథ అల్లిక అదేనని చూడటం, స్ట్రక్చరలిజం అంటే అంతే, ఇంకేం లేదు.

అప్పుడే కొటియా వైపు నుంచి సంతకొచ్చిన ఒక పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసి, డ్రైవర్ని అడిగాడు: "పింఛను సంగతి ఏటైనా సెప్పినాడేటి బాబూ?" జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రెండు రేషన్ కార్డులు, ఒకటి అటుది, ఒకటి ఇటుది. బియ్యం ఇక్కడ, పింఛను అక్కడ. ఆయనకి రెండు ప్రభుత్వాలూ కావాలి, ఎవరూ పూర్తిగా వెళ్లిపోకూడదు.

ఇదిగో, ఇక్కణ్నుంచి పోస్ట్-స్ట్రక్చరలిజం. "మనం–వాళ్లు" అనే జంట మీద కథ కడతారు సరే, ఆ జంట నిలబడటానికి ఎవర్ని ఫ్రేములోంచి తప్పించారో చూడమంటాడు ఫ్రెంచ్ తత్వవేత్త డెరిడా. ఆ కవరు కెమెరా ముందుకొస్తే రెండు ఛానళ్ల కథా అక్కడికక్కడే కూలిపోతుంది. అందుకే రాదు. ఎవరో కూర్చుని కుట్ర పన్నారని కాదు, ఆ కథలో ఆయన్ని నిలబెట్టే చోటే లేదు.

మర్నాడు పేపర్లలోనూ అదే తంతు. ఓటు కోసం నిలబడ్డ ఆడవాళ్ల వరుస. తెలుగు పేపర్లో "ఉత్సాహంగా బారులు", ఒడియా పేపర్లో బలవంతంగా తెచ్చారన్న అర్థంలో ఓ లైను. ఆ మొహాల్లో నాకు ఉత్సాహమూ కనబడలేదు, బలవంతమూ కనబడలేదు, ఎండ కనబడింది. ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్ 1964లోనే పాంజానీ పాస్తా ప్రకటన మీద రాసిన వ్యాసంలో ఈ ముక్క చెప్పాడు: బొమ్మకి అర్థాలు పది దిక్కులకీ పోతాయి, కింద రాసిన వాక్యం దాన్ని గేదెని గుంజకి కట్టినట్టు ఒకచోట కట్టేస్తుంది (గేదె నాది, బార్త్‌ది కాదు).

యూట్యూబ్‌లో సినిమా పోస్టర్ "డీకోడ్" చేసేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. హీరో చొక్కా ఎరుపు కాబట్టి విప్లవమట. దర్శకుడు ఏం దాచాడో కనిపెట్టడం సెమియాటిక్స్ (గుర్తులు అర్థాన్ని ఎలా పుట్టిస్తాయో చూసే చదువు) కాదు బాబూ, పజిల్ నింపడం. రచయిత మనసులో ఏముందో వెతకడం మానమనే కదా బార్త్ 1967లో రచయిత చనిపోయాడని రాసింది!

కాబట్టి ప్రాజెక్టుకి సినిమా వద్దు, వార్తే తీసుకోండి. 2021 ఫిబ్రవరి రెండో వారం కొటియా వార్తలు, రెండు భాషల్లోవీ. ఒడియా రాకపోతే సాలూరులో బస్సెక్కి సుంకిలో దిగండి, చదివిపెట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మీ గైడు ఇది మీడియా థియరీ కాదు, సరిహద్దు రాజకీయం అంటారు. అనే తీరతారు. ప్రాప్ ఏడు పాత్రల పట్టిక గీసి, పేర్లు నింపి ముందు పెట్టండి.