నీళ్ళ చెంబు కాస్త కింద పెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఎండ గురించే. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాక, ఇప్పుడు పడమటి గోడ వారన పన్నెండడుగుల మట్టితోను, మేడ మీద కుండీలతోను కాలక్షేపం చేస్తున్నాను. ఆ గోడ మధ్యాహ్నం నాలుగింటికి చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. కాబట్టి ఈ జవాబులు తరగతి గదిలో నేర్చుకున్నవి కొన్ని, ఆ గోడ నేర్పినవి కొన్ని.

టీచర్ గారూ, ఎడారి గులాబీకి ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోస్తున్నాను. అయినా ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి, మొదలు మెత్తబడింది. ఇంకా ఎన్ని నీళ్ళు పోయాలి?

అమ్మా, ముందు ఆ చెంబు కింద పెట్టండి. మీ మొక్క దాహంతో కాదు, మునిగి చస్తోంది.

సహారా ఎడారి దక్షిణపు అంచు నుంచి తూర్పు ఆఫ్రికా, అరేబియా దాకా రాళ్ళ మధ్య బతికే మొక్క ఇది. లావుగా ఊరిన ఆ మొదలే దాని నీళ్ళ తొట్టి. తొట్టి నిండి ఉండగా మట్టి కూడా తడిగా ఉంటే వేర్లకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి ఆకులు వాడతాయి, వాడాయని మనం మళ్ళీ పోస్తాం. నా మొదటి మూడు ఎడారి గులాబీలూ ఇలాగే పోయాయి. రెండింటిని నేను చంపాను. మూడోదాన్ని నేను లేని వారంలో మా ఆయన జాలిపడి చంపారు.

మొదలును వేళ్ళతో నొక్కి చూడండి. ముడతలు పడి, తోలులా వంగుతూ ఉంటే దాహం. పండిపోయిన అరటిపండులా లోపలికి దిగిపోతూ, వాసన వేస్తూ ఉంటే కుళ్ళు. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే. కుండీలోంచి తీసి మట్టి దులిపేయండి. శుభ్రమైన కత్తితో, లోపలి కండ తెల్లగా గట్టిగా కనిపించేదాకా కుళ్ళును కోసేయండి. నీడలో, గాలి తగిలేచోట ఒక వారం పది రోజులు అలాగే ఆరనివ్వండి. వేర్లు పైకి పెట్టుకుని పడి ఉన్న మొక్కను చూస్తూ ఊరుకోవడం కష్టమే, కానీ ఊరుకోవాలి. కోసిన చోటు ఎండి పొర కట్టాక, సగానికి సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో నాటండి. ఆ తరువాత కూడా మట్టి పూర్తిగా ఎండాకే నీళ్ళు. చలికి ఆకులు రాల్చి మోడుగా నిలబడితే దాదాపు ఏమీ పోయనక్కరలేదు.

కోసేటప్పుడు కారే పాలు కంటికి, నోటికి తగలనివ్వకండి. ఆఫ్రికాలో దాన్ని బాణాల మొనలకు విషంగా వాడేవారు.

కుండీ అడుగున గులకరాళ్ళు వేశానని కూడా రాశారు. అందరూ వేస్తారు, నేనూ వేసేదాన్ని. మట్టి సన్నగా, కింద రాళ్ళు పెద్దవిగా ఉంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు రాళ్ళలోకి దిగదు. తడి పొర వేర్లకు మరింత దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. నీరు పోవడానికి కావలసింది రంధ్రం, గుల్లగా ఉండే మట్టి.

మా కాగితం పూల తీగ ఏపుగా పెరిగి పిట్టగోడ దాటింది. ఆకులే ఆకులు, ఒక్క పువ్వు లేదు. నెలకు రెండుసార్లు ఎరువు వేస్తున్నాను.

రోగమూ మందూ రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఎరువు ఆపేయండి. నత్రజని ఎక్కువైతే ఈ తీగ ఆకులు వేసుకుంటూ హాయిగా కాలం గడుపుతుంది. పూయాలంటే దానికి కొంచెం కష్టం కావాలి: రోజుకు కనీసం ఐదారు గంటల నేరుగా పడే ఎండ, ఇరుకు కుండీ, ఎండిన మట్టి. ఆకులు కొద్దిగా వాలేదాకా ఆగి, అప్పుడు నిండుగా పోసి, మళ్ళీ ఆగండి. అలా కొన్ని విడతలు అయ్యేసరికి కొమ్మల చివర్లలో రంగు కనబడుతుంది. కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి ఒక విడత పూత అయిపోగానే కత్తిరించండి. కుండీ మార్చాలనుకుంటే మాత్రం మట్టిగడ్డ విడిపోకుండా జాగ్రత్తగా ఎత్తాలి, దాని వేర్లు చాలా సున్నితం.

మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు. రంగు తిరిగిన ఆకులు మూడు, వాటి మధ్య సన్నటి గొట్టంలా తెల్లగా ఉండేది అసలు పువ్వు. 1766లో లోకం చుట్టి రావడానికి బయలుదేరిన ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ పేరు దీనికి పెట్టారు. బ్రెజిల్‌లో దీన్ని సేకరించినవాడు ఆ యాత్రలోని వృక్షశాస్త్రవేత్త కామర్సన్. పేరు మాత్రం నాయకుడికి దక్కింది.

మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోస్తే ఆకుల మీది చుక్కలు భూతద్దంలా పనిచేసి మాడ్చేస్తాయట, నిజమేనా?

నేను కూడా పిల్లలకు అలాగే చెప్పాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. 2010లో హంగరీ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. మేపుల్, గింకో వంటి నున్నటి ఆకుల మీద చుక్కలు మాడ్చలేదు. చుక్కను ఆకుకు తగలకుండా పైకెత్తి పట్టే నూగు ఉన్న ఆకుల మీదే ఆ ప్రమాదం కొంత కనిపించింది. అయినా ఉదయమే పోయండి, ఎందుకంటే మధ్యాహ్నం పోసిన నీటిలో కొంత భాగం వేరుకు చేరకముందే ఆవిరైపోతుంది. మరొకటి, ఎండలో పడి ఉన్న రబ్బరు గొట్టంలో నిలిచిన నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. ముందు వాటిని పక్కకు వదిలేయండి.

మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడాయని పరుగెత్తకండి. వేరు తోడగలిగినదానికన్నా ఆకు వదిలే ఆవిరి ఎక్కువైనప్పుడు అలా వాడతాయి, చల్లబడగానే లేస్తాయి. తెల్లవారి కూడా వాడే ఉంటే అప్పుడు కంగారు పడాలి.

ఎండకు తట్టుకునే మొక్కలలో మీకు బాగా ఇష్టమైనవి ఏవి?

ఈ ప్రశ్న కోసం ఎదురు చూస్తున్నాను.

మొదటిది బిళ్ళగన్నేరు. నాటింది ఒక్కటే. ఇప్పుడు పడమటి గోడ పగులులో, మెట్ల సందులో, నీళ్ళ తొట్టి వెనక కూడా ఉంది. విత్తనాలు తనే రాల్చుకుని, తనే మొలిచి, ఎండ మండుతున్నకొద్దీ పూస్తుంది. దీని సొంత ఊరు మడగాస్కర్ దీవి. మధుమేహానికి మందవుతుందేమోనని కెనడాలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు దీని రసాన్ని ఎలుకలకు ఇస్తే, చక్కెర తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారినే 1958లో వింబ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో వాడతారు. అంత బలమైనది కాబట్టే ఇంట్లో ఆకు నమిలే ప్రయోగాలు వద్దు. మొండి మొక్కే, కానీ తడి నిలిచే మట్టిలో రెండు రోజుల్లో నల్లబడి కూలిపోతుంది.

రెండోది రణపాల. ఆకు తెంపి మట్టి మీద పడేస్తే అంచు నొక్కుల్లోంచి పిల్ల మొక్కలు వస్తాయని అందరికీ తెలుసు. నాకు నచ్చింది దాని రాత్రి బతుకు. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది, ఆ సందులోనే నీరు ఆవిరై పోతుంది. రణపాల పగలు తలుపులు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడ్‌ను) ఆమ్లంగా దాచుకుని, మర్నాడు మూసిన తలుపుల వెనక వంట చేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున దాని ఆకు పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుంది. ఈ సంగతిని నాలుకతోనే కనిపెట్టి రాసినవాడు ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్. ఆయన లేఖ 1815లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్తల సంఘం లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఒకనాడు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నేనూ ఆకు కొరికి ఉమ్మేశాను. ఆయన రాసింది నిజమే. మీరు మాత్రం నా మాట నమ్మి ఊరుకోండి, గుండెకు పడని పదార్థాలు దానిలో ఉన్నాయి. నేలలో కన్నా కుండీలో పెంచడం మంచిది, లేకపోతే మీ తోటంతా అదే.

కలబంద, ఎడారి జెముళ్ళు కూడా ఇదే రాత్రి పద్ధతివి. గడ్డిగులాబీ గురించి ఒక్క మాట: మబ్బు పట్టిన రోజున పువ్వు విప్పదు. అలక అనుకోకండి.

లావెండర్ గురించి అడుగుతారని తెలుసు. పొడి ఎండకు అది రాణి, ఉక్కపోతకు రోగి. నేను నాలుగుసార్లు ప్రయత్నించి మానేశాను.

చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు వేయవచ్చా?

గన్నేరు ఆకు అడుగున చూస్తే నూగుతో కప్పిన చిన్న గుంటలుంటాయి. రంధ్రాలు వాటిలో దాగి ఉంటాయి కాబట్టి వేడిగాలికి నీరు పోదు. అందుకే అంత మొండితనం. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే, కాల్చినప్పుడు వచ్చే పొగ కూడా. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఇప్పుడు వద్దు.

రెండు వారాలు ఊరు వెళ్తున్నాం, మొక్కల సంగతి?

మెరుపు పూత లేని మట్టి కుండను, అడుగున రంధ్రం లేకుండా, మూతి మాత్రం పైకి ఉండేలా మొక్క పక్కన పాతండి. నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ మట్టి ఎండినకొద్దీ నీరు గోడల గుండా ఊరుతుంది. చైనాలో రెండు వేల ఏళ్ళ కిందటే వాడిన పద్ధతి. కుండ ఎన్నాళ్ళకు ఖాళీ అవుతుందో బయలుదేరే ముందే ఒకసారి పరీక్షించి చూసుకోండి. ఎడారి గులాబీని, కలబందను నీడకు జరిపి మరిచిపోండి.

కరవుకు తట్టుకునే మొక్కలకు నీళ్ళు అక్కరలేదని మీరు రాస్తే, కొత్తగా నాటిన ఆరు మొక్కలకు పోయలేదు. ఐదు చచ్చిపోయాయి. దీనికి ఏమంటారు?

తప్పు నాదే. "వేళ్ళూనుకున్నాక" అన్న మాట రాయడం మరిచిపోయాను, అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది.

కొత్త మొక్క వేర్లు సంచీలోని పిడికెడు మట్టిలోనే ఉంటాయి. చుట్టూ ఎంత నేల ఉన్నా మొదట్లో అది దానికి లేనట్టే. మొదటి ఏడాది మామూలు మొక్కను చూసుకున్నట్టే చూసుకోవాలి. అయితే రోజూ పైపైన చిలకరించవద్దు. పైనే తడి దొరికితే వేరు పైనే ఉండిపోతుంది. నాలుగైదు రోజులకోసారి, గొట్టాన్ని సన్న ధారగా వదిలి, అడుగు లోతు తడిసేదాకా ఉంచండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, అక్కడ పొడిగా తగిలితే మళ్ళీ పోయండి. మొదళ్ళ చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి తగలకుండా జానెడు ఎడం వదలండి. నాటడం సాయంత్రం పూట, మొదటి వారం పైన పాత గుడ్డో, తడికో నీడగా ఉంచి.

బతికిన ఆ ఆరోది ఏ మొక్కో రాయలేదు మీరు. బిళ్ళగన్నేరే అయి ఉంటుందని నా అనుమానం.