ఒకే నోట్ వెంటవెంటనే వాయించాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

పియానో మీద ఒకే నోట్ వేగంగా వాయిస్తుంటే మధ్యలో కొన్ని పలకడం లేదని, చెయ్యి బిగుసుకుపోతోందని రాశావు. లోపం వేగంలో లేదమ్మా. నీ ధ్యాసంతా కీ నొక్కడం మీదే ఉంది, అది పైకి లేవడం మీద లేదు. కీ తగినంత లేవకపోతే ఎంత గట్టిగా కొట్టినా సుత్తి తీగను తాకదు.

ముందు నీ పియానో సంగతి తెలుసుకో. గ్రాండ్ పియానోలో, అంటే తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానోలో, కీ పూర్తిగా లేవకముందే మళ్లీ పలుకుతుంది. ఫ్రెంచ్ పియానో తయారీదారు సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టగా 1821లో పేటెంట్ అయిన ఏర్పాటు వల్లే ఈ సదుపాయం వచ్చింది. తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానోలో మామూలుగా అది ఉండదు, కీ దాదాపు పైదాకా రావాలి. అందుకే అప్‌రైట్ మీద ఒక హద్దు దాటి వేగం రాకపోతే తప్పంతా నీదేనని బెంగపడకు. కీ నొక్కి, వేలు తియ్యకుండా కొద్దికొద్దిగా వదులుతూ, ఎంత లేచాక మళ్లీ పలుకుతుందో చూడు. కీ మొత్తం దిగేదే సుమారు 10 మిల్లీమీటర్లు. అందులో ఆ చోటు ఎక్కడుందో నీ వేలికి బాగా తెలియాలి.

నిదానంగా అయితే ఒకే వేలు చాలు, మణికట్టు వదులుగా ఉంచు. వేగం పెరిగితే వేళ్లు మార్చాల్సిందే: 3-2-1 (బొటనవేలు 1, చూపుడు వేలు 2, మధ్యవేలు 3). మూడో వేలు నొక్కాక నిటారుగా పైకెత్తకు. కీ మీద దుమ్ము తుడిచినట్టు అరచేతి వైపు లాగెయ్యి. అది తప్పుకునేసరికి రెండోది, దాని వెనకే బొటనవేలు అదే చోటికి రావాలి. మణికట్టు కాస్త ఎత్తులో ఉంటే వేళ్లు తప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. చాలామందికి చిక్కు వచ్చేది బొటనవేలితోనే. బరువుగా పడి, ప్రతి మూడో నోట్‌నీ పెద్దగా మోగిస్తుంది. దాన్ని గోరు పక్క అంచుతో తేలిగ్గా తాకించు. కీలకు బయటి అంచు దగ్గరే వాయించు, అక్కడ తక్కువ బలంతోనే కీ దిగుతుంది.

బీట్ ఏ వేలి మీద పడుతుందో కూడా చూసుకో. ఇటలీ స్వరకర్త స్కార్లట్టి డి మైనర్ సొనాటా, కె. 141లో (అది ఆయన సొనాటాల జాబితాలోని సంఖ్య) ఒక్కో బార్‌లో, అంటే ఒక్కో తాళ ఖండంలో, ఆరేసి నోట్లు వస్తాయి కాబట్టి 3-2-1 రెండుసార్లు చక్కగా సరిపోతుంది. నాలుగేసి వచ్చేచోట 4-3-2-1 వాడు. లేకపోతే బీట్ ప్రతిసారీ వేరే వేలి మీద పడి లయ తడబడుతుంది.

సాధన మాత్రం చిన్న ముక్కలుగా చెయ్యి. 3-2 వేగంగా వాయించి ఆగు, చెయ్యి వదులు చేసుకో. తర్వాత 3-2-1, మళ్లీ ఆగు. అన్నీ మెత్తగా, చిన్న శబ్దంతో వాయించు. గట్టిగా వాయిస్తే టెన్షన్ కనిపించకుండా దాక్కుంటుంది. పెడల్ అసలు తొక్కకు, అది పలకని నోట్లను కప్పేస్తుంది. ముంజేయి నొప్పి పెడితే ఆ పూటకు ఆపెయ్యి, దయచేసి ఓర్చుకుని వాయించకు.

వారం ఇలా చేసి, ఏ వేలి దగ్గర నోట్ పోతోందో గమనించి నాకు రాయి.