గేమ్‌లో పంచభూతాలు పెడితే ఏది దేన్ని ఓడించాలి?

సొంతంగా ఫాంటసీ గేమ్ చేస్తున్నానని, పంచభూతాలు పెట్టుకున్నాను గానీ ఏది దేన్ని ఓడించాలో తేలడం లేదని అడిగారు. తేలదండీ. మనవాళ్ల లెక్కలో అవి కొట్టుకునేవి కావు, ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేవి. తైత్తిరీయోపనిషత్తులో ఆకాశం నుంచి వాయువు, దాన్నుంచి అగ్ని, తర్వాత నీళ్లు, ఆ తర్వాత భూమి. ఇందులో పోట్లాట ఎక్కడుంది? చైనావాళ్ల ఐదింటికి, అంటే కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు, పుట్టించే చక్రంతో పాటు అణిచే చక్రం కూడా ఉంది. గేమ్‌కి కావలసింది ఆ రెండోదే. పోకెమాన్ గేమ్‌లో జీవులకి నిప్పు, నీరు లాంటి రకాలుంటాయి, అవి 1996లో 15తో మొదలై 2013కి 18 అయ్యాయి. అయినా అందరికీ గుర్తుండేది నిప్పు, నీరు, గడ్డి ముక్కోణమే.

మాది రాజోలు వైపు లంక ఊరు. ఇంటర్ సెలవుల్లో తమ్ముళ్లతో కలిసి అట్టముక్కల మీద ఇలాంటి ఆటే కట్టాం. తగువు నీరు, మట్టి దగ్గరే వచ్చింది. చైనా లెక్కలో మట్టి నీళ్లని ఆపుతుంది, పోకెమాన్‌లో నేల మీద నీళ్లదే పైచేయి. పెద్ద తమ్ముడు "ఏటిగట్టు ఉండబట్టే కదా మనం ఉన్నాం" అంటాడు. చిన్నోడేమో గోదారి ఒడ్డు కోత చూసినవాడు. తాతయ్య కొబ్బరితోట ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా గోదాట్లోకి జారిపోయింది, కాయలతో ఉన్న చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. "నీళ్ల ముందు మట్టేంటి?" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. అందుకని బల్ల మధ్యలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం గీశాం. 11.75 అడుగులకి మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోదాకా మట్టిదే గెలుపు, అక్కణ్నుంచి పాచికలు, మూడోది పడిందంటే నీళ్లకి తిరుగులేదు. వంతు వచ్చినవాళ్లు మట్టం పెంచొచ్చు, దించొచ్చు. వరద తీశాక మునిగినవాడికి ఒండ్రు కార్డు, అంటే తర్వాతి పంట రెట్టింపు. దాంతో కావాలని మునిగేవాళ్లు కూడా తయారయ్యారు!

మీరూ గెలుపోటముల పట్టిక ఒకటే పెట్టి వదిలేయకండి, పరిస్థితిని బట్టి మారనివ్వండి. మూలకాల కలయికలు కావాలంటే గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే గేమ్ చూడండి. ఏడు మూలకాలు, నీరూ మంచూ కలిస్తే శత్రువు గడ్డకట్టేస్తాడు. నిప్పుని మాత్రం నీళ్లకి మరీ లోకువ చేయొద్దు. 1995లో మా పాశర్లపూడి గ్యాస్ బావి, చుట్టూ కాలవలూ గోదారీ ఉండగానే, రెండు నెలలు పైన మండింది.

ఆకాశానికి దాడి బలం ఇవ్వకండి. తర్కశాస్త్రంలో దాని గుణం శబ్దం. ఆ కార్డు పడితే ఎదుటివాడు తన చేతిలో కార్డొకటి పైకి చదవాలని పెట్టాం. అందరూ దాన్ని ఆఖరిదాకా దాచుకునేవాళ్లు.