కార్డు వడ్డీకి కట్టేదానికన్నా తక్కువలోనే బన్నీకి మంచి తిండి

ప్రశ్న: మాది విజయవాడ. మావారి జీతం, నా ట్యూషన్ల మీద వచ్చేది కలిపి నెలకు 68,000. ఇంటి లోను ఈఎంఐ 22,000. మూడేళ్ల పాప, 72 ఏళ్ల అత్తగారు మాతోనే ఉంటారు. మా పామేరియన్ బన్నీ బరువు ఐదు కిలోలు, వయసు నాలుగేళ్లు. ఒళ్లంతా గోక్కుంటుంటే, పచ్చి మాంసం డైట్ పెడితే తగ్గుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఆరు నెలలుగా బెంగళూరు నుంచి ఫ్రోజెన్ ప్యాకెట్లు తెప్పిస్తున్నాం. కొరియర్‌తో కలిపి నెలకు 7,800 అవుతోంది. క్రెడిట్ కార్డు బాకీ 46,000కు చేరింది, మినిమమ్ డ్యూ మాత్రమే కట్టగలుగుతున్నాం. ఇప్పుడు 16,000 పెట్టి చిన్న డీప్ ఫ్రీజర్ ఈఎంఐలో తీసుకుంటే ప్యాకెట్లు టోకున తెప్పించుకోవచ్చు, రేటు తగ్గుతుంది అనుకుంటున్నాను. మావారు ఇదంతా దండగ అంటున్నారు. నేను దాని ఆరోగ్యం కోసమే కదా చేస్తున్నాను! ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాట. నోరులేని జీవి ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చును నేను దండగ అనను. మా ఇంట్లోనూ పదమూడేళ్లు ఒక చిన్న కుక్క పెరిగింది. ఫ్రీజర్ మాత్రం కొనకండి. ఆ ప్యాకెట్లు కూడా ఈ నెలతో ఆపేయమనే చెబుతాను. బన్నీకి మంచి తిండి పెట్టొద్దని నా ఉద్దేశం కాదు. ఇంతకంటే మంచి తిండి ఇందులో నాలుగో వంతు కన్నా తక్కువ ఖర్చుతో పెట్టొచ్చు. మిగిలిన డబ్బుతో చేయాల్సిన అసలు పని వేరే ఉంది.

మీరు పంపిన లెక్క చూశాను. ఈఎంఐ 22,000, ఇంటి ఖర్చులు 24,000, పాప ప్లేస్కూలు 5,000, అత్తగారి మందులు 3,500, పెట్రోలూ ఇన్సూరెన్సూ 4,500, బన్నీకి 7,800. మొత్తం 66,800. మిగిలేది 1,200. కార్డు మినిమమ్ డ్యూకే ఇది చాలదు. అందుకే నెలాఖరు సరుకులు కూడా కార్డు మీదకే పోతున్నాయి. నెలకు మూడున్నర శాతం చొప్పున 46,000 మీద వడ్డీ 1,610. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 290. కలిపి 1,900. పైగా బాకీ మొత్తం కట్టనంత కాలం, కార్డు మీద కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు అప్పుడు వర్తించదు. ఈ విషయం చాలామందికి తెలియదు. మీ స్టేట్‌మెంట్‌లో 'ఫైనాన్స్ ఛార్జెస్' అన్న లైను ఒకసారి వెతికి చూడండి.

ఇప్పుడు తిండి లెక్కకు వద్దాం. పచ్చి మాంసం పెట్టేవాళ్లు మామూలుగా పాటించే కొలత, ఎదిగిన కుక్కకు దాని బరువులో రోజుకు రెండు నుంచి మూడు శాతం. ఐదు కిలోల బన్నీకి ఎక్కువలో ఎక్కువ 150 గ్రాములు, అంటే నెలకు నాలుగున్నర కిలోలు. అందులో ఎనభై శాతం కండ, పది శాతం ఎముక, మిగతా పది శాతంలో సగం కార్జం, సగం కిడ్నీ, తిల్లి లాంటివి. గుండెకాయ, కందనకాయ కండ కిందే లెక్క. నాలుగున్నర కిలోలకు 7,800 అంటే కిలో 1,700 పైనే పడుతోంది. వేటమాంసం కూడా ఇంత ధర లేదు! ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు చదవండి. కోడిమాంసం, కార్జం, గుమ్మడికాయ. మీరు డబ్బు కడుతున్నది ఎక్కువగా థర్మాకోల్ పెట్టెకూ ఐసుకూ కొరియర్‌కూ. పెంపుడు జంతువుల ఆహారం అని ప్యాక్ చేసి అమ్మేదాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. మీ వీధి చివర కోడిమాంసం కొట్టులో మీ ముందే కోసి ఇచ్చేదానికి జీఎస్టీ లేదు.

అలాగైతే అదే మాంసం కొట్లో కొని పచ్చిగానే పెడతానని మీరు అనొచ్చు. డబ్బు పరంగా అయితే సరే అనేవాణ్ని. కానీ మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, 72 ఏళ్ల పెద్దావిడ ఉన్నారు. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా, ఈ.కోలి, లిస్టీరియా లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఫ్రీజర్‌లో పెడితే అవి చావవు, నిద్రపోతాయంతే. కుక్కకు ఏమీ కాకపోయినా దాని నోటి నుంచీ మలం నుంచీ అవి ఇల్లంతా చేరతాయి. బన్నీ గిన్నె నాకి వచ్చి పాప మొహం నాకుతుంది కదా. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే కుక్కలకు, పిల్లులకు పచ్చి మాంసం పెట్టవద్దని విధానంగా ప్రకటించింది. అంత దూరం ఎందుకు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ మార్చిలో మీకు దగ్గరే, నరసరావుపేటలో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఇలాంటివి చాలా అరుదు, టెన్షన్ పడమని చెప్పడం లేదు. అదే మాంసాన్ని బాగా ఉడికిస్తే ఆ భయం ఉండదు, గ్యాసు ఖర్చు తప్ప ఇంకేమీ పెరగదు.

కాబట్టి వండి పెట్టండి. నెల లెక్క ఇలా వేశాను. రోజుకు 110 గ్రాముల చొప్పున మూడు కిలోల మూడు వందల గ్రాముల బోన్‌లెస్ చికెన్, కిలో 280 వేసుకుంటే 925. కార్జం నెలంతటికీ పావుకిలో చాలు, 50. కార్జం ఎక్కువైతే విటమిన్ ఏ ఎక్కువై చెడు చేస్తుంది కాబట్టి చవగ్గా ఉందని పెంచకండి. డజను గుడ్లు 85. బియ్యం, గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్ కలిపి 200. డాక్టర్ రాసే విటమిన్లు, చేపనూనె 400. మొత్తం 1,660. వారానికి రెండుసార్లు కుక్కర్లో ఉడికించి రోజువారీ డబ్బాలు కట్టి మీ మామూలు ఫ్రిజ్ ఫ్రీజర్‌లోనే పెట్టుకోవచ్చు. నాలుగు డబ్బాలు పట్టే చోటు చాలు. ఉప్పు, కారం, నూనె వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన కూరలో ముక్క తీసి, కడిగి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఎంత కడిగినా అందులో ఇంకిన ఉల్లి, వెల్లుల్లి పోవు. పాప చేతిలోంచి కిస్‌మిస్ పడినా వెంటనే తీసేయండి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క కిడ్నీలను పాడుచేస్తాయి.

ఇంట్లో వండేవాళ్లు ఎక్కువగా మరచిపోయేది కాల్షియం. ఎముక తీసేసిన మాంసంలో ఫాస్ఫరస్ ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి అలాగే పెడితే ఎముకలు గుల్లబారతాయి. గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేసి అరకిలో మాంసానికి సుమారు అర టీస్పూన్ కలుపుతారు. కచ్చితమైన కొలత మాత్రం డాక్టర్‌నే అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, మీరు పారేసే పెంకులే.

ఎముక సంగతి వచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఎవరూ చూడకుండా మా కుక్క ఉడికిన కోడికాలి ఎముక మింగింది. ఉడికిన ఎముక సూదుల్లా విరుగుతుంది. రాత్రి పదకొండు గంటలకు అది వీపు విల్లులా వంచి, కడుపు పట్టనివ్వకుండా మూలుగుతుంటే ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. ఎక్స్‌రే, ఆపరేషన్, నాలుగు రోజుల సెలైన్, మొత్తం 38,000 అయింది. బతికింది. ఆ రోజు నా సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఉంది కాబట్టి కౌంటర్ దగ్గర ఆలోచించాల్సిన పని పడలేదు. నా పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం ఫోన్‌లో ఒక్కొక్కరినే పదివేలు అడుగుతున్నాడు. అతని ఒళ్లో టవల్లో చుట్టిన కుక్కపిల్ల ఉంది. ఇన్నేళ్లలో ఎన్నో కుటుంబాలకు బడ్జెట్ వేశాను గానీ, అత్యవసర నిధి అన్న మాట వాడినప్పుడల్లా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు. మీకు ఈ రాత్రి అలాంటి పరిస్థితి వస్తే చేతిలో 1,200, బాకీతో నిండిన కార్డు ఉన్నాయి. నేను బాధపడుతున్నది దానికి, మీరు బన్నీ మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నారని కాదు.

మార్పు చేస్తే తిండిలో 6,140 మిగులుతుంది, ఇప్పటి 1,200 కలిపితే 7,340. మొదటి రెండు, మూడు వేలు బన్నీ గోకుడుకు అసలు కారణం తెలుసుకోవడానికి వాడండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గర, అక్కడికి తీసుకెళ్లండి. గోకుడు చాలాసార్లు గోమార్ల వల్లో, పిడుదుల వల్లో వస్తుంది. తిండి ఎలర్జీ అయితే, కుక్కలకు ఎక్కువగా పడని వాటిలో కోడిమాంసం కూడా ఒకటి! మీరు ఆరు నెలలుగా 46,800 పోసి పెట్టింది అదే అయి ఉండొచ్చు. ఎలర్జీ అని డాక్టర్ అనుమానిస్తే, ఎనిమిది వారాలు దానికి కొత్తదైన మాంసం ఒక్కటే పెట్టి చూడమంటారు. అప్పుడు చికెన్ బదులు చేపో, ఇంకొకటో రాస్తారు. ఖర్చు ఇంకో ఐదారు వందలు పెరగొచ్చు, ఆ మేరకు లెక్క సరిచేసుకోండి. వేటమాంసం రాస్తే మాత్రం కొవ్వు తీసేసి పెట్టండి, చిన్న జాతి కుక్కలకు కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదం ఉంది.

తర్వాత కార్డు. నెలకు 7,340 చొప్పున కడుతూ, దాన్ని కొత్తగా గీకకుండా ఉంటే ఎనిమిది నెలల్లో బాకీ తీరిపోతుంది. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి ఏడాదికి పది శాతం దగ్గర లోను తెచ్చి కార్డు ఒక్కసారే కట్టేస్తే నెల వడ్డీ 1,900 నుంచి 400 లోపుకు దిగుతుంది, సుమారు ఒక నెల ముందే బయటపడతారు. అయితే ఖాళీ అయిన కార్డును మళ్లీ వాడితే గాజులూ పోతాయి, బాకీ మళ్లీ వస్తుంది. మీ ఇద్దరికీ ఆ నమ్మకం ఉంటేనే ఆ దారి పట్టండి. లేకపోతే ఎనిమిది నెలల దారే మంచిది.

బాకీ తీరాక ఆ 7,340లో నెలకు 2,000 బన్నీ పేరుతో రికరింగ్ డిపాజిట్ వేయండి. ఇరవై నెలల్లో 40,000 దాటుతుంది, అక్కడ ఆపేయొచ్చు. మిగతా 5,340 ఇంటి అత్యవసర నిధికి. అది కనీసం మూడు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చులకు సరిపోయేదాకా షేర్లూ, ఫండ్లూ ఆలోచించకండి. పెంపుడు కుక్కలకు ఇన్సూరెన్స్ పాలసీలు ఉన్నాయి. తీసుకునే ముందు మూడు విషయాలు అడగండి. ఏ వయసు వరకు ఇస్తారు, ఇప్పటికే ఉన్న చర్మ సమస్యను మినహాయిస్తారా, మింగిన వస్తువు తీసే ఆపరేషన్ వస్తుందా అని. మూడోదానికి లేదన్నారంటే ఆ ప్రీమియం కూడా రికరింగ్ డిపాజిట్‌కే కలపండి.

మీవారితో మాట్లాడేటప్పుడు ప్యాకెట్ల బిల్లు పక్కన పెట్టి, కార్డు స్టేట్‌మెంట్ ముందు పెట్టండి. ఆయనకు కోపం కుక్క మీద ఉందని నేను అనుకోవడం లేదు. ఫ్రీజర్‌లో ఇంకా ప్యాకెట్లు మిగిలి ఉంటే పారేయకండి, అవి కూడా ఉడికించి పెట్టేయండి. ముందు లేబుల్ చూడండి, ఎముక కలిపి రుబ్బినవైతే వండొచ్చో లేదో గన్నవరంలో చూపించినప్పుడే అడగండి. కొత్త తిండి ఒక్కసారిగా కాకుండా వారం, పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. బన్నీ బరువు నెలకోసారి మీరు దాన్ని ఎత్తుకుని తూకం మీద నిలబడి చూసుకోండి. పావుకిలో తేడా వచ్చినా తిండి కొలత మార్చాలి.