సికింద్రాబాద్‌ను పాతవాళ్లు లష్కర్ అని ఎందుకంటారు?

బ్రిటిష్ వారి కంటోన్మెంట్లు మన నగరాలనూ సమాజాన్నీ నిజంగా మార్చాయా, లేక ఊరి పక్కన విడిగా ఉండిపోయిన సైనిక శిబిరాలేనా అన్నది మీ ప్రశ్న. నేను సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగినవాడిని కనుక ఆ ఊరిని చూపించే జవాబు చెబుతాను.

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైన్య సహకార సంధి ప్రకారం కంపెనీ పటాలాలు, వాటి ఖర్చు నిజామే భరించేలా, హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది లష్కర్, అంటే సైన్యం, గానే మిగిలింది. ఆషాఢంలో ఇక్కడ జరిగే జాతరను ఈనాటికీ లష్కర్ బోనాలు అనే అంటాం. పికెట్, కార్ఖానా, పరేడ్ గ్రౌండ్స్, బొల్లారంలోని రిసాలా బజార్ అని బస్సు కండక్టరు పిలిచే పేర్లన్నీ ఆ సైన్యం వదిలివెళ్లినవే.

అయితే ఈ ఊరిని కట్టింది సైనికులకన్నా వారిని నమ్ముకుని బతికినవారే అని నా అభిప్రాయం. మద్రాసు సైన్యం వెంట తమిళులు, తెలుగువారు వచ్చారు. వ్యాపారానికి పార్సీలు, మార్వాడీలు వచ్చారు. ఉజ్జయినీ మహంకాళి ఆలయ కథనం ప్రకారం, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా వ్యాపించడంతో మొక్కుకుని, 1815లో తిరిగివచ్చి ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడు. ఒక డోలీ బోయీ మొక్కు నేడు ఈ ఊరి అతిపెద్ద పండుగ.

మా తాతగారు యూనిఫారాలు కుట్టే దర్జీ. కొలతలు ఇంగ్లిషులో రాసుకునేవారు, బేరం ఉర్దూలో ఆడేవారు, పక్క దుకాణం ముదలియారుగారితో తమిళంలో మాట్లాడేవారు, ఇంట్లో తెలుగు. ఆయన గల్లాపెట్టెలో రెండు అరలుండేవి: ఒకటి ఇక్కడ చెల్లే బ్రిటిష్ వారి కల్దారు రూపాయలకు, మరొకటి హుస్సేన్‌సాగర్ అవతల హైదరాబాద్‌లో చెల్లే నిజాం నాణేలైన హాలీ సిక్కాలకు. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఉన్నది ఒక చెరువే అయినా, అది దాటితే నాణెమే మారిపోయేది.

ఈ విభజన పటాలాలను కాపాడుకునే ఆత్రం నుంచి మరింత బిగిసింది. 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక, భారతదేశంలోని బ్రిటిష్ సైనికులలో ఏటా వేయికి 69 మంది మరణిస్తున్నారనీ, అందుకు ప్రధాన కారణం రోగాలేననీ తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన కంటోన్మెంట్ చట్టం పారిశుద్ధ్యంతో పాటు, సైనికుల వద్దకు వచ్చే వేశ్యల పేర్లు నమోదు చేసి వారికి వైద్య పరీక్షలు జరిపించే అధికారాన్నీ అధికారులకు ఇచ్చింది. రోగం సైనికుడిదైనా, అవమానం ఆ స్త్రీలదే అయింది. ఈ చరిత్ర చెప్పేటప్పుడు విశాలమైన రోడ్లను, చర్చిలను, 1897లో బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనుగొన్న ఘట్టాన్ని గర్వంగా తలచుకుంటాం. ఆ స్త్రీలను తలచుకునేవారు తక్కువ.

గాలికీ వెలుతురుకూ ఎకరాల ఆవరణలు వదిలిన బంగళాలు ఒకవైపు, గోడకు గోడ ఆనుకున్న బజారు ఇళ్లు మరోవైపు పెరిగాయి. 1945లో పౌర ప్రాంతాన్ని నిజాంకు తిరిగి అప్పగించినప్పుడు మా బజారు ఆ భాగంలోకి వెళ్లింది, మిగిలిన ప్రాంతం కంటోన్మెంట్‌గానే ఉండిపోయింది. అందుకే నేటికీ కొన్ని చోట్ల రోడ్డుకు ఈ పక్క ఇంటికి ఒక నియమావళి, ఆ పక్క ఇంటికి వేరొకటి. ఓల్డ్ గ్రాంట్ బంగళాల విషయంలో కట్టడం మాత్రమే యజమానిది, దాని కింది నేల ప్రభుత్వానిది. పికెట్ దగ్గర మా బంధువులొకరు అలాంటి బంగళాలోనే మూడు తరాలుగా ఉంటున్నారు. పెరట్లోని చింతచెట్టు నాటింది వాళ్ల ముత్తాతే అయినా, అది వేళ్లూనిన నేల వాళ్లది కాదు.